గుమ్మంలో గుమ్మడికాయ

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత మనందరికీ తెలుసు. అమెరికాలో ఆ సామెత చెల్లదు. అక్టోబరు వచ్చిందంటే అక్కడ ప్రతి ఇంటి మెట్లమీదా నాలుగేసి గుమ్మడికాయలు పగలూ రాత్రీ కాపలా లేకుండా పడి ఉంటాయి. మనుషులెవరూ వాటి జోలికి పోరు. దొంగతనమంటూ జరిగితే అది ఉడతల పని. పాపం, వాటికి తడుముకోవడానికి భుజాలెక్కడివి?

నేను ఆ కాయలు చూడడానికి వెళ్ళలేదు లెండి. 2022 ఏప్రిల్లో మా బావగారు పోయారు. అక్క ఇల్లినాయ్ రాష్ట్రంలో పియోరియా అనే ఊళ్ళో ఉంటుంది. కొడుకూ కోడలూ ఉండేది షికాగోలో, కారులో మూడు గంటల దూరం. "మా దగ్గరికొచ్చెయ్యమ్మా" అని వాళ్ళు పిలుస్తూనే ఉన్నారు. అక్క కదలనంది. "కొన్నాళ్ళు నువ్వైనా వెళ్ళి ఉండవే" అని తెనాలి నుంచి అమ్మ పోరింది. మావారు కూడా "వెళ్ళిరా, నవల ఎక్కడికీ పోదు" అన్నారు. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు నాకు కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది. మొత్తానికి అక్టోబరు మొదట్లో విమానం ఎక్కాను.

ఆ ఇంట్లో నేను చూసిన మొదటి పండగ దీపావళి. చూశాను అనడం కూడా తప్పే. అక్టోబరు 24న ఆ ఇంట్లో ఒక్క ప్రమిద వెలగలేదు. ఏటిసూతకం కదా! పండగ లేదు, పిండివంట లేదు, గుమ్మంలో ముగ్గు లేదు. అక్క ఎనిమిదింటికల్లా హాల్లో లైటు ఆర్పేసి పడుకుంది. నేను కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటివాళ్ళ మెట్లమీద గుమ్మడికాయలు లెక్కపెట్టుకున్నాను. ఏడు.

సరిగ్గా వారానికి, అక్టోబరు 31న హాలోవీన్. పిల్లలు దయ్యాల వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు అడుక్కునే రోజు. గుమ్మడికాయ డొల్ల చేసి, కళ్ళూ ముక్కూ పళ్ళూ కోసి, లోపల దీపం పెడతారు. మొదట్లో ఐర్లండు వాళ్ళు టర్నిప్ దుంపల్ని ఇలా చెక్కేవారట. అమెరికా వలస వచ్చాక ఇంతకంటే పెద్దదీ, మెత్తనిదీ గుమ్మడికాయ కనబడేసరికి దుంపని వదిలేశారు. అక్క కొడుకు తన ఏడేళ్ళ కూతుర్ని తీసుకొచ్చి, ఒక కాయకి మొహం చెక్కి, ఇంకో మూడు పెద్ద కాయలూ, అరచేతిలో ఇమిడే చిన్నవి ఓ ఆరూ మెట్లమీద పెట్టి వెళ్ళాడు. ఏటా బావగారు చేసే పని అది. ఆపడం వాడికి చేతకాలేదు.

పియోరియా పక్కనే మార్టన్ అని చిన్న ఊరుంది. ప్రపంచ గుమ్మడి రాజధాని అని దానికి బిరుదు. ఊరికే రాలేదు. అమెరికాలో డబ్బాల్లో అమ్మే గుమ్మడి గుజ్జులో ఎక్కువ భాగం ఆ ఊళ్ళోనే తయారవుతుంది. అయితే డబ్బాలోకి వెళ్ళేది మెట్లమీద కనబడే నారింజరంగు కాయ కాదు. లేత గోధుమరంగులో ఉండే ఇంకో రకం. అది మన తియ్యగుమ్మడికి దగ్గర చుట్టం. మెట్లమీది కాయలో నీరూ పీచూ ఎక్కువ, రుచి తక్కువ. చూపులకే గాని కాపరానికి పనికిరాదన్నమాట. మన బూడిద గుమ్మడి ఆసియా ఖండానిదే గాని, తియ్యగుమ్మడికి అమెరికా పుట్టిల్లు. పోర్చుగీసువాళ్ళు సముద్రాలు దాటి వచ్చాకే అది మన పులుసులోకి దిగింది. ఈ సంగతి తెలిసినప్పటినుంచీ ఆ మెట్లమీద కాయల్ని చూస్తే పుట్టింట్లో ఉన్న ఆడపడుచుల్లా కనిపించేవి నాకు.

హాలోవీన్ అయిన మర్నాటినుంచీ ఆ ఆడపడుచుల గతి చూడాలి! వీధి పొడుగునా చెత్తడబ్బాల పక్కన కుప్పలు. కొన్ని ఊళ్ళల్లో ఒక శనివారం పూట అందరి కాయలూ పోగుచేసి, పిల్లలచేత పగలగొట్టించి ఎరువు కింద వేస్తారు గాని, చాలామంది చెత్తలోనే వేస్తారు. మా మెట్లమీద మొహం చెక్కిన కాయ నాలుగో రోజుకే నల్లబడి, పళ్ళూడిన ముసలమ్మలా నోరు లోపలికి ముడుచుకుంది. కోసిన కాయ అంతే, వారం దాటదు. కొయ్యనివి మాత్రం రాళ్ళలా ఉన్నాయి.

"అన్నీ పారేద్దామే. వీటిని చూస్తుంటే నాకు బాగాలేదు" అంది అక్క.

సరేనని చేతులు జాపానో లేదో, ఫోను మోగింది. మనవరాలు. "నాయనమ్మా, థాంక్స్‌గివింగ్‌కి మీ ఇంటికే వస్తున్నాం. టేబుల్ మీద గుమ్మడికాయ పూలకుండీ పెడతావుగా?"

అక్క మొహం వాడిపోయింది. "ఈ ఏడు మనకి పండగ లేదమ్మా" అంది.

"ఎందుకని?"

అక్క ముప్ఫై ఏళ్ళుగా ఆ దేశంలో ఉంటోంది. ఆఫీసులో ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది. ఏటిసూతకాన్ని మాత్రం ఏ భాషలోనూ ఏడేళ్ళ పిల్లకి చెప్పలేకపోయింది. ఫోను నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మా ఇద్దరి మధ్యా పెద్ద ధర్మసందేహం లేచింది. థాంక్స్‌గివింగ్ అంటే నవంబరు నెల నాలుగో గురువారం. ఊళ్ళేలే వాళ్ళంతా తల్లిదండ్రుల ఇళ్ళకి చేరి, కలిసి భోంచేసి, ఆ ఏడు తమకి కలిగిన మేలు చెప్పుకునే రోజు. ఇది పండగా కాదా? మన పంచాంగంలో లేని పండగకి మన సూతకం వర్తిస్తుందా? "వర్తిస్తుంది" అంది అక్క. "దేవుడి పూజే లేదు కదా, ఎలా వర్తిస్తుంది?" అన్నాను నేను. "నవలలు రాసేవాళ్ళతో వాదించలేను" అని దుప్పటి కప్పేసుకుంది. నిజం చెప్పాలంటే నాకూ గెలిచినట్టు అనిపించలేదు. దుప్పటి కింద అక్క ఏడుస్తోందని నాకు తెలుసు.

మర్నాడు పక్కింటావిడతో ఈ గొడవ చెప్పాను. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, రిటైరైన టీచరు. ఆవిడ భర్త పోయి పదేళ్ళయిందట. అంతా విని, "ఈ పండగని దేశానికి తెచ్చిపెట్టిందెవరో తెలుసా? నల్లబట్టలు కట్టుకున్న ఓ విధవ" అంది.

నేను బి.ఏ.లో చరిత్ర చదివాను. లింకన్ వచ్చాడు గాని ఈవిడ రాలేదు. లైబ్రరీకి పోయి వెతికాను. పేరు సారా జోసెఫా హేల్. 1822లో భర్త పోయాడు. ఐదుగురు పిల్లల తల్లి. ఆనాటినుంచీ చచ్చిపోయేదాకా నల్లబట్టలే కట్టింది. బతుకుతెరువు కోసం కలం పట్టుకుంది. 1827లో ఓ నవల రాసింది. అందులో థాంక్స్‌గివింగ్ భోజనాన్ని ఓ అధ్యాయం పొడుగునా వర్ణించింది, గుమ్మడి పైతో సహా. మన పిల్లలు కాన్వెంటులో పాడే మేరీ గొర్రెపిల్ల పద్యం కూడా ఆవిడదే. తర్వాత నలభై ఏళ్ళపాటు ఆడవాళ్ళ పత్రికకి సంపాదకురాలు. అవునండీ, మీరూ నేనూ చదువుకునేలాంటి పత్రికే! ఆ పత్రికలో రాసి రాసి, ఒకరి తర్వాత ఒకరుగా ప్రెసిడెంట్లకి ఉత్తరాలు పంపి పంపి, చివరికి 1863 సెప్టెంబరులో, డెబ్భై నాలుగేళ్ళ వయసులో, లింకన్‌కి రాసింది. అంతవరకూ ఒక్కో రాష్ట్రం ఒక్కో రోజున చేసుకునేది, కొన్ని అసలు చేసుకునేవే కావు. వారం తిరక్కుండానే, అక్టోబరు 3న, దేశమంతటికీ ఒకే రోజని లింకన్ ప్రకటించాడు. అప్పటికి అంతర్యుద్ధం జరుగుతోంది. ఇంటింటా చావే. ఆ ప్రకటనలో ఆయన యుద్ధంలో భర్తల్ని పోగొట్టుకున్నవాళ్ళనీ, తండ్రుల్లేని పిల్లల్నీ తలుచుకోమని కూడా దేశానికి చెప్పాడు.

ఈ కథంతా అక్కకి పూసగుచ్చినట్టు చెప్పాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు. "నలభై ఏళ్ళ పైన నల్లబట్టలేనా?" అంది చివరికి.

"పైమాటే" అన్నాను.

"అయితే అమ్మని అడుగు" అంది. ఎంత లింకన్ చెప్పినా మా ఇంట్లో ఆఖరి సంతకం అమ్మదే మరి.

అమ్మకి ఫోను చేశాను. "ఆ గురువారం ఏ తిథే?" అంది. నవంబరు 24 అన్నాను. పంచాంగం తిరగేస్తున్న చప్పుడు తెనాలి నుంచి పియోరియా దాకా వినబడింది.

"ఓసి నీ! అది పోలిపాడ్యమే!"

పోలి కథ మీకు కొత్తగా చెప్పాలా? అత్తగారు పెద్ద కోడళ్ళని వెంటబెట్టుకుని కార్తికమాసం స్నానాలకి, దీపాలకి వెళుతుంది. చిన్నకోడలు పోలిని ఇంట్లో వదిలేస్తుంది. వత్తీ నెయ్యీ కూడా అందకుండా దాచేస్తుంది. పోలి పెరట్లో రాలిన పత్తి ఏరి వత్తి చేసుకుని, కవ్వానికి అంటిన వెన్న తీసి దీపం పెట్టి, ఎవరికీ కనబడకుండా బుట్ట బోర్లించి, చివరికి బొందితోనే స్వర్గానికి వెళుతుంది. మా అమ్మ ఏటా చెప్పే కథ.

"పోలి మిగిలిపోయినవాటితోనేగా దీపం పెట్టింది! మీరూ అలాగే పెట్టండి. దీపం పండగ కాదే" అంది అమ్మ. ఓ క్షణం ఆగి, గొంతు తగ్గించింది. "మీ నాన్న పోయిన ఏడు నేను ఏమీ చెయ్యలేదు. ఇల్లంతా చీకటి చేసుక్కూర్చున్నాను. దానివల్ల ఆయనకేమైనా వెలుగొచ్చిందా? అక్కని పెట్టమను."

ఇక మొదలైంది మా వ్యవహారం.

నవంబరు మధ్యలో చలి ముదిరింది. గడ్డకట్టే చలి తగిలితే కాయ లోపల మెత్తబడిపోతుందని పక్కింటావిడ హెచ్చరించింది. మూడు పెద్దవాటినీ చిన్నవాటినీ గరాజులోకి చేర్చాం. తొడిమ పట్టుకుని ఎత్తబోతే అక్క కేకేసింది. తొడిమ ఊడితే అక్కణ్ణించే కుళ్ళు మొదలవుతుందట. అడుగున చెయ్యి వేసి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తాలి. బొటనవేలితో అంతా నొక్కి చూశాం. ఒక్కటీ మెత్తగా లేదు. బకెట్టు నీళ్ళలో కాస్త బ్లీచి కలిపి పైన తుడిచి, పొడిగుడ్డతో తడి లేకుండా ఒత్తాం.

రెండు కాయలు కొయ్యకుండా అలంకరించాలని నిర్ణయం. మనవరాలి రంగులపెట్టె అక్కడే ఉంది. మామూలు నీళ్ళరంగు ఆ నున్నటి తొక్కమీద నిలవలేదు, కారిపోయింది. అక్రిలిక్ రంగైతే పట్టుకుంది. తెల్లరంగు తీసుకుని సన్న కుంచెతో చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. ఏడు చుక్కలు, మధ్యచుక్క, నాలుగు వరకూ.

"ఏమిటే అది? ముగ్గు వెయ్యకూడదన్నానా!" అంది అక్క.

"గుమ్మంలో వెయ్యకూడదు గాని, గుమ్మడి మీద వెయ్యకూడదని ఏ శాస్త్రంలో ఉంది?" అన్నాను.

ఏప్రిల్ తర్వాత అక్క నవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను. నవ్వి, నా చేతిలో కుంచె లాక్కుని, "చుక్కలు వంకరగా పెట్టావు. చిన్నప్పుడూ అంతే" అంటూ తుడిచి మళ్ళీ పెట్టింది. గుండ్రటి కాయమీద ముగ్గు వెయ్యడం నేల మీద వేసినంత సులువు కాదు. కాయ గాళ్ళ మధ్య గీత లోపలికి దిగిపోతుంది. అక్క గాడి వెంటే గీత నడిపించింది. రెండో కాయకి నేను జనపతాడు చుట్టి, రాలిన మేపుల్ ఆకులు పుస్తకంలో అణిచి ఆరినవాటిని గుచ్చాను. అది నా వంతు. నా వంతు కన్నా ఆవిడ వంతే బాగుందని ఒప్పుకుంటున్నాను.

మిగిలింది మూడోది, పూలకుండీ. కోసిన కాయ ఎన్నాళ్ళో నిలవదు గనక బుధవారం కొయ్యాలి. కొడుకొచ్చేది గురువారం పొద్దున్న. ఇక్కడ వచ్చింది అసలు చిక్కు.

మా ఇళ్ళల్లో నిండు గుమ్మడికాయకి ఆడది మొదటి కత్తి పెట్టదు. గుమ్మడికాయ పెద్దకొడుకుతో సమానమనేది మా నాన్నమ్మ. మగవాడెవరైనా ఓ గాటు పెట్టి ఇస్తే, తర్వాత ముక్కలు తరుక్కునే చాకిరీ మాత్రం మనదే. అమెరికాలోనూ అక్క ఆ పట్టింపు వదల్లేదు. బావగారు ఏటా చొక్కా చేతులు మడిచి, "జరగండి, పురుషప్రయత్నం కావాలి" అని నవ్విస్తూ కోసేవారు.

"నేను కోస్తాలే అక్కా" అన్నాను.

"వద్దు!" అంది గట్టిగా. "నీకు ఆయన ఉన్నాడు. నువ్వు ముట్టుకోకు. నేనే కోస్తాను. నాకింక పోయేదేముంది?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నవలల్లో ఇలాంటిచోట నా పాత్రలు బోలెడు మాట్లాడతాయి. నేను నోరు మూసుకున్నాను.

అక్క గరాజు అటకమీంచి ఓ ప్లాస్టిక్ డబ్బా దింపింది. మూత మీద బావగారి దస్తూరీలో 'గుమ్మడి ఆయుధాలు' అని ఉంది. ఆయన ఇంజనీరు, ప్రతి డబ్బాకీ చీటీ అంటించే మనిషి. లోపల చిన్న రంపపు కత్తి, గుజ్జు గీకే గరిటె, మడతపెట్టిన కాగితం ఒకటి. ఏటా మర్చిపోతానని ఆయన తనకోసం రాసి పెట్టుకున్నారు. 'ఒకటి. కింద పాతపేపరు వెయ్యాలి. రెండు. మూత కోసేటప్పుడు కత్తి నిటారుగా పెట్టకూడదు. ఏటవాలుగా పెట్టాలి. లేకపోతే మూత లోపల పడిపోతుంది.'

అక్క ఆ కాగితం రెండుసార్లు చదివింది. కింద పాతపేపరు వేసింది. కత్తి ఏటవాలుగా పెట్టి, కళ్ళు మూసుకుని, లోపలికి దింపింది. గరాజులో పచ్చిగుమ్మడి వాసన నిండిపోయింది. ఏమీ కూలిపోలేదు. చుట్టూ తిప్పి కోసి, తొడిమతో మూత పైకి లాగింది. మూత లోపల పడలేదు.

తర్వాత పని సులువే. గరిటెతో పీచూ గింజలూ గీకేశాం. లోపల తడి ఒత్తి, మందపాటి గాజుసీసా పెట్టి అందులో నీళ్ళు పోసి బజారు నుంచి తెచ్చిన పసుపు చామంతులు సర్దాం. నీళ్ళు కాయలోనే పోస్తే అది ఇంకా తొందరగా పాడవుతుంది. గింజలు కడిగి ఆరబెట్టి, ఉప్పూ కారం పట్టించి వేయించాం. గీకిన కండతో అక్క పులుసు పెట్టింది. చెప్పానుగా, ఆ కాయ చూపులకే. అయినా చింతపండూ బెల్లమూ పడ్డాక దేన్నైనా పులుసనక తప్పదు. పూలకుండీ కాయకి మేము రంగు వెయ్యలేదు గనక తినగలిగాం. రంగు వేసినవి మాత్రం వంటకి పనికిరావు.

చిన్నవాటిలో ఒకటి డొల్ల చేసి లోపల మట్టిప్రమిద పెట్టాం. దీపావళికి వెలగని ప్రమిద అది. గురువారం తెల్లవారుజామున అక్క స్నానం చేసి వచ్చి ఆ దీపం వెలిగించింది. పోలి బోర్లించిన బుట్టలా ఉంది ఆ చిన్నకాయ. నారింజరంగు తొక్కలోంచి వెలుగు బయటికి వస్తోంది. అక్క దాని ఎదురుగా చాలాసేపు కూర్చుంది. నేను వంటింట్లోకి వెళ్ళి, అక్కర్లేకపోయినా గిన్నెలు కడిగాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక్కొక్కళ్ళూ తాము దేనికి థాంక్స్ చెప్పుకుంటున్నారో చెప్పాలి. పక్కింటావిడ కూడా వచ్చింది. మనవరాలు తన పిల్లికి చెప్పింది. అబ్బాయి అమ్మకి చెప్పాడు. నేను మావారు పంపినందుకు చెప్పాను. అక్క వంతు వచ్చింది. అందరం తలలు దించుకున్నాం. ఎవరం ఎవర్నీ చూడలేదు.

"కత్తి ఏటవాలుగా పెట్టమని చెప్పినందుకు" అంది అక్క.

మనవరాలికి అర్థం కాలేదు. "ఎవరు చెప్పారు నాయనమ్మా?" అంది.

"తాతయ్య" అంది అక్క, మామూలుగా. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. పులుసు వడ్డించింది.

డిసెంబరులో నేను విజయవాడ వచ్చేశాను. సంక్రాంతికి మా ఇంటికి బుట్టెడంత గుమ్మడికాయ వచ్చింది. మావారు అలవాటుగా కత్తి కోసం చెయ్యి చాచారు. "మీరు కూర్చోండి, నేను కోస్తాను" అన్నాను. ఆయన నా మొహం కేసి, కాయ కేసి, మార్చి మార్చి చూశారు. తనవల్ల ఏం తప్పు జరిగిందో తెలియక, సామెతలో దొంగలా భుజాలు తడుముకున్నారు.

నేనేమీ చెప్పలేదు. కూరకి తరిగే కాయకి మూతతో పనిలేదని నాకు తెలుసు. అయినా కత్తి ఏటవాలుగానే పెట్టాను.